నింపకుండా వదిలిన చోటు

మగ్గం మీంచి గుడ్డ దించగానే మా నాయన దాన్ని మడత పెట్టడు. ముందు వాకిట్లోకి తెచ్చి, రెండు చేతులతో పైకెత్తి, ఎండకు అడ్డంగా పట్టుకుని చూస్తాడు. సూదిమొనంత చోటు నుంచి వెలుతురు దూరినా ఆయన మొహం మాడిపోతుంది. ఆ పూట ఆయనతో మాట్లాడాలా వద్దా అన్నది అమ్మ వంటింట్లోంచి ఆ మొహం చూసే తేల్చుకునేది. నా చిన్నప్పటి నుంచీ గుడ్డకు ఒక కొస పట్టుకునే పని నాది. "యాడన్నా కనపడతాందా పాపా?" అని అడిగేవాడు. లేదని నేను చెప్పాక గానీ కొస వదలనిచ్చేవాడు కాదు. ఎమ్మిగనూరులో మా వీధి నిండా మగ్గాలే, అయినా మా ఇంటి నేత బిగువు ఇంకెవరికీ రాదని నేను బడిలో గొప్పలు పోయేదాన్ని. ఇప్పటికీ పోతాను.

ఆ బిగువు నాకూ అంటుకుంది. డబ్బాలో చక్కెర పోస్తే మూత పట్టనంతగా పోస్తాను. బోర్డు మీద రాస్తే అంగుళం ఖాళీ వదలను. నా వెనక క్లాసుకు వచ్చే లెక్కల సార్ తుడవలేక తిట్టుకుంటాడు. ఏదైనా నిండుగా ఉంటేనే అది పూర్తయినట్టు నాకు. ఈ గుణం వల్ల నా ఆరేళ్ళ చదువు కొద్దిలో గంగపాలయ్యేది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

నేను ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. రోజూ పొద్దున ఎమ్మిగనూరులో బస్సెక్కి పోతాను, సాయంత్రం పత్తి లారీల మధ్య ఇరుక్కుంటూ తిరిగొస్తాను. ఉద్యోగం చేస్తూనే దూరంగా ఉన్న ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరాను. పరిశోధనకు కావలసిన చిన్న పలకలు తయారు చేసుకోవడం మా కాలేజీ ల్యాబులో, వాటిని కొలవడం యూనివర్సిటీలో. మా ల్యాబులో ఉన్నది ఒక పాత కరెంటు కొలిమి పెట్టె, ఒక తక్కెడ, రెండు బల్లలు, ఆలూరు వైపు నుంచి షేర్ ఆటోలో వచ్చే ఒక పెద్దాయన. కాగితాల మీద ఆయన అటెండరు. నాకు మాత్రం ఆ కొలిమికి కాపలా కాసిన మనిషి.

నా పని ఏమిటో అమ్మకు ఒకసారి చెప్పాను. ఆమె రాట్నం ముందు కూర్చుని మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే కండెలకు దారం చుడుతోంది.

"అమ్మా, కంప్యూటర్లో మనం దాచిపెట్టేవి కంటికి కనపడని చిన్న చిన్న అయస్కాంతాల రూపంలో ఉంటాయి. వాటిని ఇటూ అటూ మార్చాలంటే తీగలో కరెంటు పారాల. కరెంటు పారితే వేడి పుడతాది. అట్ల పారకుండా ఊరికే ఓల్టేజీ తగిలించి మారిస్తే వేడీ ఉండదు, కరెంటూ మిగులుతాది."

"అయితే మార్చు పాపా, వద్దనింది ఎవరు?" అంది అమ్మ.

వద్దన్నది ఆ పదార్థమే. అయస్కాంత గుణమున్న వాటికి ఓల్టేజీ అంటే లెక్కలేదు. ఓల్టేజీకి పలికే వాటిలో అయస్కాంతం లేదు. రెండు గుణాలూ ఒక్కచోట ఉన్నవి లేకపోలేదు గానీ, చాలావాటిలో ఆ రెంటికీ పొత్తు కుదరాలంటే మంచు గడ్డకట్టే చలి కూడా చాలదు, దానికి ఎంతో కిందకు పోవాలి. అంత చలిలో పనిచేసే వస్తువు ఎవరి ఇంటికి పనికొస్తుంది? కాబట్టి రెండు వేర్వేరు పదార్థాలను తెచ్చి ఒకదానిలో ఒకటి కలిపి నేయాలి. ఒకటి ఇనుము, కోబాల్టు కలిసిన అయస్కాంతం. రెండోది పింగాణీ జాతిది, ఓల్టేజీ తగిలితే ఒళ్ళు విరుచుకున్నట్టు రవ్వంత సాగుతుంది. అది సాగి పక్కనున్న అయస్కాంతాన్ని లాగాలి. లాగితే దాని బలం మారాలి. అది మామూలు గదిలో, మామూలు వేడిలో జరగాలి. నేను చేయాల్సింది ఇంతే.

చేసే పద్ధతి కూడా కష్టమేమీ కాదు. అయస్కాంతం తయారయ్యే ద్రావణంలో ఒక పాలిమర్ కలిపి, గోరంత సిలికాన్ పలక మీద పలుచగా పూసి, కొలిమిలో కాల్చాలి. పాలిమర్ కాలిపోతుంది. అది ఉన్న చోట్లన్నీ చిల్లులుగా మిగులుతాయి. తల వెంట్రుకను వేల చీలికలు చేస్తే ఎంతుంటుందో అంత చిల్లులు. ఆ చిల్లుల పలకను పింగాణీ ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ కాల్చాలి. ఒక్కో ముంపుకు చిల్లు లోపలి గోడల మీద ఒక్కో పొర పడుతుంది.

నేను ముంచాను. ఎన్నిసార్లు ముంచానో చెబితే నవ్వుతారు. చిల్లులన్నీ పూడి, యూనివర్సిటీ సూక్ష్మదర్శిని కింద ఒక్క చుక్క నలుపు కూడా కనపడనంత వరకు ముంచాను. మధ్యలో కరెంటు పోతే పలక పగిలేది. పగిలితే మళ్ళీ మొదటి నుంచి. అటెండరన్న కొలిమి పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. కరెంటు పోగానే లేచి పోయి, కొలిమి వేడి దిగిపోకుండా మూత చుట్టూ ఇటుకలు పేర్చేవాడు.

"ఏం మేడమ్, ఈసారన్నా పలుకుతాదా?" అనేవాడు.

"పలుకుతాదన్నా. ఇంత నిండుగా ఎవరూ చేసుండరు."

ఆ నిండు పలక ఫోటోను యూనివర్సిటీలో తీయించి, ఫోన్లో తెచ్చి నాయనకు చూపించాను. ఆయన ఫోనును కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, అలవాటు కొద్దీ వాకిలి వైపు తిప్పి వెలుతురులో కూడా చూశాడు.

"బాగుంది పాపా. యాడా సందు ల్యాదు," అన్నాడు.

మా నాయన నోట బాగుంది అన్న మాట రావడం సామాన్యం కాదు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు. మర్నాడు బస్సులో సీటు దొరక్కపోయినా కండక్టరుతో గొడవ పెట్టుకోలేదు.

ఆ పలక పలకలేదు. యూనివర్సిటీలో అయస్కాంత బలం కొలిచే యంత్రం ఒకటుంది. ముందు ఉత్త పలకను పెడితే తెర మీద ఒక వంకర గీత వస్తుంది. ఓల్టేజీ తగిలించి పెడితే ఇంకో గీత వస్తుంది. రెండు గీతలూ వేరుగా పడితే నేను గెలిచినట్టు. నా రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి, ఒకే గీతలా పడ్డాయి. ఇంకా ఎక్కువ సార్లు ముంచి ఇంకో పలక చేశాను. అదీ అంతే. ఏడాదిలో నాలుగు సార్లు పోయాను, నాలుగు సార్లూ ఒకే గీత చూసి తిరిగి వచ్చాను.

మా గైడు మంచివాడే గానీ నోరు ఊరుకోదు. "ఏమ్మా, ఆదోనిలో పత్తి గింజలు ఒలిచే పనేదో చూసుకోక, నీకీ అయస్కాంతాలెందుకు?" అన్నాడు నాలుగోసారి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆదోనిలో ఒలిచిన పత్తితోనే మీ చొక్కా నేసి ఉంటారు సార్ అన్నాను. ఆయన నవ్వాడు. తరువాత నవ్వకుండా ఇంకో మాట అన్నాడు. నా గడువును ఒకసారి పొడిగించారు, రెండోసారి పొడిగించరు. జూన్‌తో అయిపోతుంది. జూన్ మొదటి వారంలో యంత్రం ముందు నాకు ఒక్క రోజు ఉంది. ఆ రోజు కూడా ఒకే గీత వస్తే నా పేరు కొట్టేస్తారు. ఆరేళ్ళు పోయినట్టే.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాప డాక్టరవుతాంది, మందుల డాక్టరు గాదు, సదువు డాక్టరు, అని నాయన వీధంతా చెప్పుకున్నాడు. ఆ మాట ఎలా వెనక్కి తీసుకోమంటాను?

మే నెల వచ్చింది. కాలేజీకి సెలవులు. ఎమ్మిగనూరు ఎండకు గోడలు కూడా ఆవిర్లు కక్కుతున్నాయి. అప్పుడే పడుగుకు గంజి పెట్టే పని పడింది. మగ్గం మీద నిలువుగా సాగే దారాలను పడుగు అంటారు. నేతలో రాపిడంతా వాటిదే. ఆ రాపిడికి తట్టుకోవాలని, పొద్దు పొడవక ముందే పడుగును వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వుతారు. ఇప్పుడు మా వీధిలో చాలామంది గంజి పెట్టిన పడుగునే తెచ్చుకుంటారు. మా నాయన ఒప్పుకోడు. ఇంకొకరు పెట్టిన గంజి మీద ఆయనకు నమ్మకం లేదు.

ఆ రోజే కౌతాళంలో దగ్గరి చుట్టం ఒకరు పోయినట్టు కబురు వచ్చింది. నాయన పోక తప్పలేదు. పడుగు అప్పటికే సాగదీసి ఉంది. అమ్మకు భుజం నొప్పి, చెయ్యి పైకి లేవడం లేదు. నాయన కుంచె నా చేతికిచ్చాడు.

"గంజి ఒక్క చెయ్యే పెట్టు పాపా, ఒక్క పూతే. ఆరేదాకా కుంచె ఆపొద్దు. మీయమ్మ పక్కనే ఉంటాది," అని చెప్పి బస్సుకు పోయాడు.

నేను కుంచె పట్టుకుని పడుగుకు ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాను. చెయ్యి గంజిలో ఉంది, మనసు ఆ ఒకే గీత మీద ఉంది. నాలుగు సార్లు ఓడిన దాన్ని. కనీసం ఈ పనైనా తిరుగులేకుండా చేయాలనిపించింది. మొదటి చెయ్యి ఆరింది. ఇంకో చెయ్యి పెట్టాను. దారాలు వేలితో మీటితే తంబూరా తీగల్లా మోగుతున్నాయి. ఇంకో చెయ్యి పెట్టాను.

"సాలు పాపా, సాలు," అంది అమ్మ అరుగు మీంచి.

"గట్టిగా ఉంటాదిలేమ్మా. నాయన సంతోషపడతాడు."

అమ్మకు నా చదువంటే భయంతో కూడిన మర్యాద. రెండోసారి చెప్పలేదు.

నాయన మర్నాడు వచ్చి, పడుగును మగ్గానికి ఎక్కించాడు. కొంచెం బిరుసుగా ఉందే అనుకున్నాడట గానీ ఏమీ అనలేదు. మధ్యాహ్నం నుంచి మొదలైంది. నాడె నాలుగుసార్లు ఆడితే రెండు దారాలు తెగేవి. అతికించి మళ్ళీ ఆడిస్తే ఇంకో మూడు. సాయంత్రానికి ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, తెగిన దారాలను గుప్పెడు నా ముందు పడేశాడు.

"ఎన్ని సేతులు పెట్టినావు?"

"మూడు."

"ఒకటి అని గదా సెప్పినాను! సదువుకున్నదానివి, సాలు అంటే ఆపాల గదా?"

నాకు కోపం తన్నుకొచ్చింది. ఆయన మీద కాదు, ఏడాదిగా లోపల కుక్కుకున్నదంతా ఆ మాటకు బయటికొచ్చింది. "యాడా సందు ఉండకూడదని చిన్నప్పటినుంచి నాకు నేర్పింది ఎవరు? నువ్వు కాదా? నిండుగా ఉండాల, నిండుగా ఉండాల అని నా పానం తీసింది నువ్వే గదా!"

నాయన నా వైపు చూశాడు. నేనెందుకు అంత అరుస్తున్నానో ఆయనకు అర్థం కాలేదు. కానీ కోపం తగ్గించుకుని, నా పక్కన కూర్చుని, ఒక దారం ముక్క తీసి వేళ్ళ మధ్య వంచాడు. అది చీపురుపుల్లలా టక్కుమని విరిగింది.

"నిండుగా ఉండాల్సింది గుడ్డ పాపా. దారం గాదు. గంజి దారానికి పైన పట్టాల, పొర మాదిరి. లోపల దారం దారంగానే ఉండాల. నేత బిగించే ఫలక కొట్టినప్పుడు అది ఆడాల, సాగాల, మళ్ళీ తన సోటుకు తాను రావాల. నువ్వు లోపలికంతా గంజి నింపితివి. ఆడేదానికి సోటు యాడుంది? ఈడ దారం ల్యాదు, పుల్ల ఉంది."

నేను ఆ విరిగిన ముక్కను తీసుకున్నాను. ఇంకోటి తీసి నేను కూడా విరిచాను. మూడోదీ విరిచాను. లేచి లోపలికి పోయి ఫోన్లో ఆ నిండు పలక ఫోటో తెరిచి చూశాను. యాడా సందు ల్యాదు. పింగాణీ సాగాలంటే దానికి చోటేది? అయస్కాంతం వంగాలంటే దానికి చోటేది? చుట్టూ బిగించి కట్టేసి, సాగడం లేదేమని నాలుగు సార్లు యంత్రం ముందు నిలబడి ఏడ్చాను. నేను చేసింది పలక కాదు, పుల్ల.

ఇంత చదివినదానివి ఆ మాత్రం తోచలేదా అని మీరు అడగొచ్చు. తోచలేదు. ఇంకొకరి కూతురికి తోచి ఉండేదేమో. సందు కనపడితే సిగ్గుపడే ఇంట్లో పుట్టినదానికి, సందు వదలమని ఎవరు చెబుతారు?

మర్నాడు పొద్దున్నే ఆదోని బస్సెక్కాను. సెలవుల్లో కాలేజీకి తాళం. అటెండరన్నకు ఫోన్ చేస్తే ఆలూరు వైపు నుంచి ఆటో పట్టుకుని వచ్చి తాళం తీశాడు. "సెలవుల్లో గూడా ఇంట్లో ఉండలేవా మేడమ్?" అన్నాడు గానీ కొలిమి దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

నాలుగు పలకలు చేశాం. మొదటిదాన్ని రెండుసార్లు, రెండోదాన్ని నాలుగుసార్లు, మూడోదాన్ని ఎనిమిదిసార్లు ముంచాం. నాలుగోదాన్ని పాత పద్ధతిలోనే పూర్తిగా పూడ్చాం, పోల్చి చూడడానికి. ముంపుకొక గీత చొప్పున అటెండరన్న గోడ మీద సుద్దముక్కతో గీసేవాడు. రెండు ముంపుల పలకను తీసి పక్కన పెడుతుంటే ఆయన ఉండలేకపోయాడు.

"ఇంకొక్కసారి ముంచుదాం మేడమ్. మరీ పల్సగా ఉంది. సూసినోళ్ళు ఏమనుకుంటారు?"

నా చెయ్యీ అదే అంటోంది. ఒక్కసారి, ఇంకొక్క పొర, దాంతో ఏం పోతుంది? చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. నా ఆరేళ్ళ చదువులో అన్నిటికంటే కష్టమైన పని అదే, ఆ మూడో ముంపు ముంచకుండా ఉండడం. "వద్దన్నా. సాలు," అన్నాను. అమ్మ అన్నట్టే అన్నాను.

జూన్ మొదటి వారంలో నాలుగు పలకలనూ దూదిలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టుకుని యూనివర్సిటీకి పోయాను. గైడు ముందు వాటి ఫోటోలు చూశాడు.

"ఇదేంటమ్మా, అన్నీ చిల్లులే. పని సగంలో వదిలేశావా?"

"సగంలో వదలడమే పని సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి నా మొహం చూశాడు. యంత్రం దగ్గరికి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. అంతకు ముందు ఎప్పుడూ కూర్చోలేదు.

నిండు పలకను ముందు పెట్టాను. ఓల్టేజీ లేకుండా ఒక గీత, ఓల్టేజీతో ఒక గీత. రెండూ ఒకే గీత. అది ముందే తెలుసు. ఎనిమిది ముంపుల పలక పెట్టాను. రెండో గీత మొదటి దాని మీంచి రవ్వంత పక్కకు జరిగినట్టుంది, లేదా నా కళ్ళకు అలా ఉంది. నాలుగు ముంపుల పలక. జరిగింది. అది నా కళ్ళ భ్రమ కాదు, గైడు కూడా ముందుకు వంగాడు. రెండు ముంపుల పలక పెట్టాను. మొదటి గీత పడింది. ఓల్టేజీ తగిలించి, గీత మొదలయ్యేదాకా తెర వైపు చూడలేదు, నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

"తలెత్తమ్మా," అన్నాడు గైడు.

రెండు గీతలు. కింద ఒకటి, పైన ఒకటి, మధ్యలో తెర తెల్లగా కనపడుతోంది. నా పలకకు సందు వచ్చింది. ఓల్టేజీని తిరగేసి పెడితే కింది గీత మళ్ళీ పైకి పోయి మొదటి దానితో కలిసింది. తీసి, మళ్ళీ పెట్టి, మూడుసార్లు చూశాం. చెప్పినట్టు కిందికి వచ్చింది, చెప్పినట్టు పైకి పోయింది. మంచు లేదు, చలి లేదు. మామూలు గది.

"ఇది ఆదోనిలో చేశావా?" అన్నాడు గైడు.

"ఆదోనిలోనే సార్. పత్తి గింజలు ఒలుచుకుంటూ."

బయటికి వచ్చి నాయనకు ఫోన్ చేశాను. ఆనందం ఆపుకోలేక ఏడుస్తూ చెప్పాను. ఇదే ఆఖరి అవకాశమని, పోతే పేరు కొట్టేసేవాళ్ళని, ఆయన మాట వల్లే దారి దొరికిందని, దాచిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. నాయన అంతా విన్నాడు.

"మంచి పని అయింది పాపా. యాడ పలికింది?"

"ఈడే, యూనివర్సిటీలో. చలి అక్కర్లేదు నాయనా, మామూలు గదిలోనే."

"ఏ గది?"

"యంత్రం ఉండే గది."

"ఏసీ ఉంటాదా ఆడ?"

"ఉంటాది."

"ఏసీ గదిలో అయితే నా మగ్గం గూడా పెండ్లికూతురు మాదిరి ఆడతాది. ఒక్క దారం తెగదు. మన గదిలో ఆడతాదా లేదా, అది సెప్పు."

ఫోన్ పెట్టేశాక తిట్టుకున్నాను. ఆరేళ్ళ కష్టం ఫలించిందని చెబితే ఈ మనిషి అడిగేది ఇదా? వెలుతురులో పెట్టి చూడనిదే ఈయనకు ఏదీ నచ్చదు. అలా తిట్టుకుంటూనే వెనక్కి నడిచి, గైడు దగ్గరికి పోయి, యంత్రంలో వేడి పెంచి ఇంకోసారి కొలవనివ్వమని అడిగాను.

"ఎంతకు పెంచాలి?"

"నలభై అయిదు డిగ్రీలకు సార్."

"ఎందుకమ్మా? పుస్తకాల్లో గది వేడి అంటే ఇరవై ఏడు. నీ పని అయిపోయింది కదా."

"మా ఊళ్ళో గది అంటే ఇంతే సార్. మే నెలలో ఒకసారి మా ఇంటికి రండి."

ఆ పూటకు ఇంకా గంటన్నర మిగిలి ఉంది. వేడి మెల్లగా ఎక్కుతుంటే నాకు మొదటిసారి కంటే ఎక్కువ భయమేసింది. మొదటిసారి ఓడితే యూనివర్సిటీ ముందు ఓడినట్టు. ఇప్పుడు ఓడితే నాయన ముందు ఓడినట్టు. నలభై అయిదు దగ్గర నిలిపి, రెండు గీతలు తీశాను. మధ్యలో సందు కొంచెం చిన్నదైంది, కానీ ఉంది. తిరగేస్తే మళ్ళీ కలిసింది. నా సిద్ధాంత గ్రంథంలో ఆ గీత ఒకటి విడిగా ఉంటుంది. మౌఖిక పరీక్షకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు, ఈ నలభై అయిదు ఎందుకు ఎంచుకున్నావని అడిగితే, మా నాయన అడిగాడని చెప్పాను. చిల్లులు వదలాలని ఎలా తోచిందని అడిగితే గంజి సంగతి చెప్పాను. హాల్లో ఒకరిద్దరు నవ్వారు. నేను వాళ్ళ వైపు చూసిన చూపుకు ఆపేశారు.

నల్ల అట్ట, బంగారు అక్షరాల గ్రంథం పట్టుకుని ఎమ్మిగనూరు వచ్చిన రోజు నాయన మగ్గంలో ఉన్నాడు. నాడె ఆపి, గుంటలోంచి పైకి వచ్చి, చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని పుస్తకం తీసుకున్నాడు. ఇంగ్లీషు చదవలేడు. పేజీలు తిప్పుకుంటూ పోయి, రెండు ముంపుల పలక ఫోటో దగ్గర ఆగాడు. పేజీ నిండా చిల్లులే. తేనెతుట్టెలా ఉంటుంది.

పుస్తకాన్ని ఎత్తి వాకిలి వైపు పట్టుకున్నాడు. ఆ మొహం మాడుతుందేమోనని కొస పట్టుకునే పిల్లలా నిలబడ్డాను. ఆయన చాలాసేపు చూశాడు.

అంతలో ఎదురింటి నేతగాడు, నాయన ఈడువాడే, గట్టు మీంచి తొంగి చూశాడు. "ఏమప్పా, పాప ఏదో పుస్తకం తెచ్చినట్టుందే?"

"రా అప్పా, సూడు," అన్నాడు నాయన. పుస్తకాన్ని అతని ముందు పెట్టి, గంజి మరకల వేలితో ఆ చిల్లులను ఒక్కొక్కటే చూపించాడు. జీవితమంతా సూదిమొనంత సందుకు కూడా మొహం మాడ్చుకున్న మనిషి, ఆ రోజు వీధికంతా వినపడేటట్టు చెప్పాడు.

"మా పాప సేసింది. బాగా సూడు, యాడా నింపల్యా."